గుంత మారే వేళ

గుడారమని పేరే గానీ, లోపల కార్పెట్టు.
కార్నూస్టీ సముద్రం అద్దానికి అవతలే ఆగిపోయింది
టికెట్టు లేనట్టు.

మెడలో వేలాడే బిళ్ళ మీద నా పేరు చివర తెగి
వకుళను కాస్తా వకుల్‌నయ్యాను.
సరేలే, ఈ వారానికి వకులే.

సంచీలో మట్టి తడి కొలిచే పరికరం,
జేబులో నూట యాభై కార్డులు.
"ఆట చూడకు, మనుషుల్ని చూడు" అన్నాడు
పెటిఫర్, మా సేల్స్ పెద్ద.
చూశాను.

పెళ్ళివారి విడిదిలా ఉంది,
పెళ్ళికూతురి ఊసే ఎవరికీ లేదు.
కార్ల కంపెనీవాడు బ్యాంకువాడి భుజం మీద చెయ్యేశాడు.
బ్యాంకువాడి కళ్ళు నా భుజం మీదుగా
ఇంకా పెద్ద చేపను వెతుకుతున్నాయి.
విత్తనాలవాళ్ళూ, ఎరువులవాళ్ళూ, టోపీలవాళ్ళూ
ఒకే పళ్ళెంలోంచి రొయ్యలు తీసుకుని
"మనం కలిసి ఏదైనా చెయ్యాలి" అనుకున్నారు.
ఆ "ఏదైనా" ఎంత మెత్తటి మాటో!
నేనూ పదకొండుసార్లు అన్నాను. లెక్కపెట్టాను.
బయటెక్కడో చప్పట్లు.
ఎవరో బంతిని గుంతలో వేసి ఉంటారు.
ఒక్కరూ తల తిప్పలేదు.

రాత్రి జేబు తడుముకుంటే
నావి ముప్పై ఎనిమిది పోయాయి, వాళ్ళవి నలభై ఒకటి వచ్చాయి.
మొహాలు మాత్రం రెండే గుర్తున్నాయి.
అందులో ఒకటి రొయ్యలు తెచ్చిన అమ్మాయిది.

రెండోది ముర్డో గెడ్డీస్‌ది.
గుడారం వెనక చెత్తడబ్బాల దగ్గర అడిగాడు:
"ఆ యంత్రం నాలుగింటికి నిద్ర లేస్తుందా?"

లేచింది. నేనే కష్టం మీద లేచాను.

పొగమంచు ఇసుకదిబ్బల మీద పాకుతోంది.
రబ్బరు బూట్లలో ఇరవైమంది.
సొంతూళ్ళలో సెలవు పెట్టి
జీతం లేని వారానికి వచ్చారు, ఇసుక దువ్వడానికి.
నైరోబీ నుంచి ముటిసో, టాస్మేనియా నుంచి రోవీనా.
ఎవరి మెడలోనూ బిళ్ళ లేదు.
దంతె పట్టిన తీరును బట్టే ఒకర్నొకరు పోల్చుకుంటున్నారు.

ముర్డో బొటనవేలు గడ్డిలో గుచ్చి "పదిహేడు" అన్నాడు.
నా పరికరం పద్ధెనిమిది అంది.
ఎవరం వాదించలేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాం.
కాసేపటికి అదే పదిహేడుకి దిగింది.
"బుద్ధిమంతురాలు" అన్నాడు.

మా భాషలో గడ్డి పెట్టడమంటే చీవాట్లు పెట్టడం, అన్నాను.
"ఈ నేలకి నలభై ఏళ్ళుగా పెడుతున్నా,
ఒక్క మాటా వినదు."

రోవీనా మోకాళ్ళ మీద కూర్చుని
ఫోనులో ఒక గోధుమరంగు మచ్చ చూపించింది, తన ఊరి నేలది.
"మాకూ వచ్చింది" అన్నాడు ముటిసో,
"నీళ్ళు తగ్గించకు, వేళ మార్చు."
అంతే. రహస్యమేదో చెప్పినట్టు కూడా చెప్పలేదు.
రాసుకోవడానికి ఆమెకి కాగితం కావాలి.
బ్యాంకువాడి కార్డు వెనక్కి తిప్పి ఇచ్చాను.

అప్పుడు గుంత మార్చారు.
రోజూ మారుస్తారట. ఆరేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను,
ఎవరు, ఏ వేళప్పుడు, అని ఎన్నడూ అడగలేదు.
కొత్త చోట గుండ్రటి కత్తి దింపి, తిప్పి
మట్టిని స్తంభంలా లేపాడు ముర్డో,
నెత్తిన పచ్చటి టోపీతో సహా.
దాన్నే మోసుకెళ్ళి నిన్నటి గుంతలో దించాడు.
వేళ్ళతో అంచులు కలిపి, నీళ్ళు చిలకరించి
పక్కకి జరిగితే
ఎక్కడుందో నాకు దొరకలేదు,
నిన్న లక్షల పౌండ్లు పడిన చోటు.

"తొక్కు" అన్నాడు నాతో. "మెల్లగా. మడమతో కాదు."
తొక్కాను.
పాదం కింద నేల కాస్త ఉలిక్కిపడి, సర్దుకుంది.

ఎనిమిదింటికి గుడారంలో పెటిఫర్
చెయ్యి చాచబోయి, నా గోళ్ళు చూసి ఆగాడు.
"ఎంతమందిని కలిశావు?"
"ముగ్గుర్ని."
అతని మొహం వాడింది.
అటుగా పళ్ళెం వెళ్తోంది, ఇవాళ రొయ్యలు కాదు, స్ట్రాబెర్రీలు.
ఒక్క నిమిషం, అన్నాను,
ఆ అమ్మాయి పేరు ఇంకా అడగలేదు.